నార వేలి చుట్టూ తిరగాలి



మన పెళ్లిళ్లలో తలంబ్రాల సందడి తగ్గాక ఒక ఆట ఆడిస్తారు, గుర్తుందా? బిందెలో నీళ్లు పోసి అందులో ఉంగరం వేస్తారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకేసారి చేతులు పెట్టి వెతకాలి. ఎవరికి దొరికితే రేపు ఇంట్లో వాళ్లదే పైచేయి. చుట్టూ ఆడపడుచుల అరుపులు, బావమరుదుల ఎకసెక్కాలు. ఆ బిందెలో చెక్క ఉంగరం వేశారనుకోండి. ఏమవుతుంది? ఆట ఆగిపోతుంది. ఉంగరం మునిగితేగా వెతకడానికి! టేకైనా, మామిడైనా, వేపైనా నీళ్ల మీద తేలుతూ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

చెక్కతో ఉంగరమేమిటని ఆశ్చర్యపోకండి. నిశ్చితార్థానికీ, పెళ్లికీ చెక్క ఉంగరాలు చేయించుకుంటున్న జంటలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. పాశ్చాత్య దేశాల్లో అయిదో పెళ్లిరోజుకి చెక్క వస్తువు కానుకగా ఇవ్వడం ఆనవాయితీ, ఆ రోజుకని చేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఈ కాసేపూ ఆ ఉంగరాల గురించే మాట్లాడుకుందాం.

ముందుగా, మీ మనసులో మెదిలే ప్రశ్న నేనే అడిగేస్తాను. కర్ర ఉంగరం విరిగిపోదా?

విరుగుతుంది. చేయడం తెలియకుండా చేస్తే వారం తిరక్కుండా విరుగుతుంది. తెలిసి చేస్తే ఏళ్ల తరబడి వేలికి ఉంటుంది. ఈ రెంటికీ తేడా ఎక్కడుందో ఒక్క ముక్కలో చెప్తాను, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. కర్రలోని నార వేలి చుట్టూ తిరగాలి. అంతే. మిగతా కబుర్లన్నీ దీని చుట్టూనే.

కట్టెలు కొట్టినవాళ్లకి ఈ సంగతి చేతికే తెలుసు. మొద్దుని నిలబెట్టి నెత్తిన గొడ్డలి వేయండి. టక్కున రెండు చెక్కలవుతుంది. అదే మొద్దుని పడుకోబెట్టి నడుం మీద కొట్టండి. గొడ్డలి దిగబడి ఊరుకుంటుంది, మొద్దు తెగదు. ఎందుకని? చెట్టులో నార కింది నుంచి పైకి నిలువునా సాగుతుంది. పోగుకీ పోగుకీ మధ్య పట్టు తక్కువ, అందుకని నిలువునా ఇట్టే చీలుతుంది. పోగుని అడ్డంగా తెంచడం మాత్రం గగనం.

ఇప్పుడు ఒక చెక్క పలక తీసుకుని, నడుమ బెజ్జం వేసి, చుట్టూ చెక్కి ఉంగరం తీశారనుకోండి. ఉంగరమేమో గుండ్రం. నార మాత్రం తిన్నన. అప్పుడేమైంది? ఉంగరంలో రెండు చోట్ల నార ఉంగరం వెంబడే పోతుంది. అక్కడ గట్టిగా ఉంటుంది. మిగతా రెండు చోట్ల నార ఉంగరాన్ని అడ్డంగా దాటుతుంది. అక్కడ ఉండేవన్నీ పొట్టి పొట్టి పోగులు. తలుపు గడియకి తగిలినా, నీళ్ల బకెట్టు ఎత్తినా సరిగ్గా అక్కడే టప్పుమంటుంది. ఇక కొమ్మని బిళ్లలుగా కోసి ఉంగరం చేస్తారే, అది మరీ అన్యాయం. చుట్టూ ఎక్కడైనా చీలుతుంది.

మరి చెక్క గాజులు వేసుకోవడం లేదా అంటారు. గాజుకి మందం ఉంటుందండీ. ఉంగరానికి ఆ వీలు లేదు. మందంగా చేస్తే పక్క వేళ్లు ఊరుకోవు.

కాబట్టి చెక్కకూడదు. చుట్టాలి. పల్చటి చెక్క పొరని తీసుకుని వేలి చుట్టుకొలతకి చుట్టాలి. అప్పుడే నార వేలి చుట్టూ తిరుగుతుంది.

మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, నారని చుట్టి వేలికి తొడుక్కోవడం మనకేమీ కొత్త కాదు. కన్యాదానం చేసే తండ్రి ఉంగరపు వేలు చూడండి. దర్భతో ముడివేసిన పవిత్రం ఉంటుంది. గడ్డి ఉంగరం! ఎంత బంగారం ఉన్న ఇంట్లోనైనా ఆ కాసేపు గడ్డిపోచకే పెద్దపీట.

ఇక్కడి నుంచి ఒక్కసారి బ్రెజిల్ వెళ్లొద్దాం. అక్కడ టుకుం అని ఒక తాటిజాతి చెట్టు ఉంది. దాని కాయ లోపలి టెంక నల్లగా, రాయంత గట్టిగా ఉంటుంది. బ్రెజిల్‌లో 1888 దాకా బానిసత్వం ఉండేది. దొరలు బంగారు ఉంగరాలు మార్చుకునేవారు. బానిసలకీ, అడవిబిడ్డలకీ బంగారం ఎక్కడిది? వాళ్లు ఆ టెంకని కోసి, తొలిచి, నున్నగా అరగదీసి పెళ్లి ఉంగరాలు చేసుకునేవారని అక్కడ చెప్పుకుంటారు. ఆ నల్లుంగరం తర్వాతి కాలంలో పేదల పక్షాన నిలబడేవాళ్ల గుర్తుగా మారింది. 1971లో బిషప్ అయిన పేద్రో కజల్దాలిగ బిషప్పులు పెట్టుకునే బంగారు ఉంగరం మానేసి టుకుం ఉంగరమే వేలికి ఉంచుకున్నారు. భూమి లేని రైతుల తరఫున, అడవి జాతుల తరఫున మాట్లాడి బెదిరింపులు ఎదుర్కొన్న మనిషి ఆయన. టెంకలో కర్రలోలాగా ఒకే వైపు సాగే నార ఉండదు, అందుకని దాన్ని చెక్కినా చెల్లుతుంది. కర్రని మాత్రం చుట్టాల్సిందే.

ఎలా చుడతారో మా ఇంట్లో జరిగిన పని చెప్తే మీ కళ్లకి కడుతుంది.

మా మేనకోడలు ఆస్పత్రిలో స్కానింగ్ విభాగంలో పనిచేస్తుంది. ఎంఆర్ఐ గదిలో ఉండేది పెద్ద అయస్కాంతం. ఆ గదిలోకి వెళ్లేవాళ్లు లోహం ఏదైనా బయట పెట్టి వెళ్లాలి. కరెంటు పని చేసేవాళ్లకీ ఇదే బాధ, ఉంగరం తీసి జేబులో వేసుకోవాల్సిందే. నిశ్చితార్థం కుదిరాక అమ్మాయి ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. "మావయ్యా, రోజూ తీసి పెట్టుకునే ఉంగరం నాకొద్దు. మా ఇద్దరికీ చెక్క ఉంగరాలు చేసిపెడతావా?" అంది. నాకు వడ్రంగం వృత్తి కాదు. కానీ చిత్రిక చేతబడితే అన్నం గుర్తుకురాని పిచ్చి ఉంది, అది దానికి తెలుసు.

పక్కనే ఉన్న మా అమ్మ ఊరుకుంటుందా! "కర్ర ఉంగరమేమిటే, చోద్యం కాకపోతే! రేపు అవసరమొస్తే తాకట్టు పెట్టుకోవడానికైనా పనికొస్తుందా?" అంది.

"తాకట్టుకి పోదు కాబట్టే వేలికే ఉంటుంది అమ్మమ్మా" అంది మనవరాలు.

మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "చేస్తే చేశారు గానీ బజారు కర్ర ఎందుకు? మన ఉయ్యాల బల్ల అటక మీద పడి ఉంది కదా" అంది. దాని మీద ఊగని పిల్లలు మా ఇంట్లో లేరు. టేకు బల్ల. ఏళ్ల తరబడి నూనె తలలు ఆని నల్లబడింది.

చెక్క ఉంగరాల్లో నాకు నచ్చేది ఇదే. కర్ర ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవచ్చు. పాత గడప, విరిగిన మంచం కోడు, గాలివానకి పడిపోయిన పెరటి మామిడి, ఏదైనా సరే. బంగారం కరిగిస్తే ఎవరి నగో పోల్చుకోలేం. టేకుబల్ల చారలు ఉంగరంలోకి వచ్చినా ఆ బల్లవే.

సరే, పనిలోకి వద్దాం. బల్ల అంచున ఒక బద్ద కోశాం. ముడి లేని చోటు చూసుకున్నాం. ముడి ఉన్నచోట నార పక్కకి తిరుగుతుంది, వంచితే అక్కడే పగులుతుంది. బద్దకి చిత్రిక పడితే మురికి పోయి తేనెరంగు బయటపడింది. అప్పుడు చిత్రిక ఉలిని మామూలు కంటే కాస్త ఎక్కువ దించి, నార వెంబడే ఒక్క తోపు తోశాను. సర్రుమని పొడవాటి పొర చుట్టలు తిరుగుతూ లేచింది. ఇంట్లో వడ్రంగి పని జరుగుతుంటే పిల్లలు ఆ చుట్టల్ని ఏరి వేళ్లకి తొడుక్కుని ఆడుకుంటారు, చూసే ఉంటారు. మన ఉంగరానికి ముడిసరుకు అదే. మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. చిత్రిక లేనివాళ్లు ప్లైవుడ్ షాపులో దొరికే వినీర్ పట్టీ తెచ్చుకున్నా పని జరుగుతుంది.

ఆ పొరని పొడవునా రెండుగా కోశాం. ఒక సగం అమ్మాయికి, ఒక సగం అబ్బాయికి. చారలు రెంట్లోనూ ఒకటే.

తర్వాత వంటిల్లు. గిన్నెలో నీళ్లు మరగబెట్టి పొరల్ని ఓ పావుగంట అందులో ఉంచాలి. పొడిగా వంచితే ఫట్టుమనే పొర, మరిగాక చెప్పినట్టు వింటుంది. కారణం ఏమిటంటే, కర్రలో పోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఉంది. వేడీ తడీ తగిలితే అది మెత్తబడుతుంది. చల్లారి ఆరితే మళ్లీ బిగుస్తుంది, ఎలా వంచితే అలాగే ఉండిపోతుంది. ఈ కిటుకు మీదే మిఖాయెల్ థోనెట్ అనే ఆయన పెద్ద వ్యాపారం నడిపాడు. ఆస్ట్రియాలో, 1859లో, బీచ్ కర్రకి ఆవిరి పట్టి వంచి ఆయన తెచ్చిన 14వ నంబరు కుర్చీ ప్రపంచమంతా తిరిగింది. ముంబై పాత ఇరానీ హోటళ్లలో వీపు దగ్గర విల్లులా వంగిన కర్ర కుర్చీలు ఉంటాయి చూడండి, అవి ఆ వంశానివే. వాళ్లు కుర్చీ వంచారు, మనం ఉంగరం వంచుతున్నాం.

మరిగిన పొరని వేలి కొలత కంటే కాస్త సన్నటి గొట్టానికి చుట్టి, రబ్బరు బ్యాండు వేసి రాత్రంతా వదిలేయాలి. కాస్త సన్నటి గొట్టమే ఎందుకంటే, విప్పగానే పొర కొంచెం తెరుచుకుంటుంది. తెల్లారేసరికి దానంతటదే గుండ్రంగా నిలబడుతుంది.

ఇప్పుడు అతకడం. టేకుతో ఇక్కడొక చిక్కుంది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. చెదలు దగ్గరికి రాకపోవడానికి కారణం అదే, జిగురు పట్టకపోవడానికీ కారణం అదే. గోళ్లరంగు తుడిచే అసిటోన్‌తో పొరని తుడిచి, వెంటనే అతకాలి. జిగురు మనందరికీ తెలిసినదే, చుక్క వేస్తే క్షణంలో పట్టేసే సూపర్ గ్లూ. దాని కథ తమాషాగా ఉంటుంది. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురిచూపుకి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతూ ఈ రసాయనాన్ని పరీక్షించింది. ఇదేమో ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోంది. పనికిరాదని పక్కన పెట్టేశారు! బజారుకి వచ్చింది 1958లో. గాలిలో తేమ తగిలితే ఇది గట్టిపడుతుంది. అందుకే మన కోస్తా ఉక్కలో మరీ తొందరగా పట్టేస్తుంది, సర్దుకునే వ్యవధి ఇవ్వదు. చేతికి గ్లవుజు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

సరైన కొలత గొట్టానికి ముందు నున్నటి టేపు చుట్టాలి, ఉంగరం దానికి అంటుకుపోకుండా. పొర మొదటి కొసని ఉప్పు కాగితంతో రుద్ది కాగితమంత పల్చన చేయాలి. లేకపోతే లోపల మెట్టు ఏర్పడి వేలికి గుచ్చుకుంటుంది. ఇక చాప చుట్టినట్టు బిగించి చుట్టడమే. కొంచెం చుట్టు, ఒక చుక్క, అదిమి పట్టు. మళ్లీ కొంచెం చుట్టు, ఒక చుక్క, అదిమి పట్టు. నాలుగైదు వరసలు పడేసరికి గొట్టం మీద ఉంగరం తయారవుతుంది. చివరి కొసని కూడా పల్చగా అరగదీసి కలిపేస్తే అతుకు ఎక్కడుందో కంటికి దొరకదు.

ఇప్పుడు నార ఎక్కడుంది? వేలి చుట్టూ తిరిగింది. నాలుగైదు సార్లు తిరిగింది. ఉంగరాన్ని అడ్డంగా దాటే పొట్టి పోగు ఒక్కటి కూడా లేదు. విరగాలంటే పొడుగు పోగులన్నీ ఒక్కసారి తెగాలి.

రుద్దే పని పెళ్లికొడుకు తీసుకున్నాడు. ఉప్పు కాగితం బల్ల మీద పరిచి, ఉంగరాన్ని దాని మీద గుండ్రంగా తిప్పుతూ అంచులు సమం చేయాలి. మొదట గరుకుది, ఆపైన సన్నరకం, ఆపైన మరీ సన్నరకం. కాసేపటికి, "ఇంకా ఎంతసేపు రుద్దాలండీ మావయ్యగారూ?" అన్నాడు. లోపలి అంచు చూపించాను. బయటి వైపు అద్దంలా ఉంది, లోపలి అంచు ఇంకా పదునుగానే ఉంది. అది గుండ్రబడితే తప్ప ఉంగరం వేలి కణుపు దాటి హాయిగా దిగదు. పాపం, మళ్లీ తల వంచుకుని కూచున్నాడు.

పై పూత ఏం వేయాలి? నా మనసంతా లక్క మీద ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ బొమ్మలు చేసేవాళ్లు అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పైన మొగలి ఆకు అదిమితే నిగనిగలాడుతుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులు ఆ లక్కలోనే కలిసి ఉంటాయి. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రకృతి రంగుల్ని మళ్లీ పట్టాలెక్కించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అంత అందమైన పూత. అయినా ఆస్పత్రిలో పనిచేసే పిల్ల వేలికి అది నిలవదు. కారణం, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. రోజంతా శానిటైజర్ పూసుకునే చేతికి లక్క ఎన్నాళ్లుంటుంది చెప్పండి? అందుకని అతికిన జిగురునే పల్చగా పూత మీద పూత వేసి, ఆరాక రుద్ది మెరుగుపెట్టాం. శానిటైజర్ వాడకం అంతగా లేనివాళ్లు లక్క పాలిషో, తేనెమైనమో నిశ్చింతగా వాడుకోవచ్చు. మైనం పూతని మాత్రం అప్పుడప్పుడూ మళ్లీ రుద్దుకుంటూ ఉండాలి.

మరి ఎర్రచందనం ఉంగరం చేయించుకుంటే? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. శేషాచలం కొండల ఎర్రచందనం, రంగు చూస్తే ఎవరికైనా మనసవుతుంది. అందులోనూ తిరుపతి ఎర్రచందనం జంట బొమ్మలు పెళ్లికూతురికి కానుకగా ఇచ్చే అలవాటు ఉండనే ఉంది. బరువైన కర్ర, దాని ఉంగరం బిందెలో వేస్తే మునుగుతుంది కూడా. కానీ అడవి నుంచి వచ్చిన ఎర్రచందనం ముక్క చేతిలో ఉంటే కేసవుతుంది. అనుమతి ఉన్న చోట, రసీదుతో కొంటే తప్ప దాని జోలికి పోవద్దు. పెళ్లి ఉంగరం కోసం పోలీసుస్టేషన్ మెట్లెక్కడం ఎందుకు!

ఉంగరం వేలికి వచ్చాక కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. అప్పుడప్పుడూ చేతులు కడుక్కుంటే ఏమీ కాదు, తుడుచుకుంటే చాలు. అంట్ల గిన్నెల్లో, సబ్బు నీళ్లలో నానబెడితే మాత్రం పూత కింద తడి దూరి పొరలు విడతాయి. ఈత కొలను కూడా అంతే. మనకి ఇంకొకటుంది. మనం చేత్తో తింటాం. పప్పు, పులుసు, ఆవకాయ, వీటన్నింట్లో పసుపూ నూనే. మామిడిలాంటి లేత రంగు కర్ర ఆ పసుపుని పట్టేస్తే మళ్లీ వదలదు. కుడిచేతి ఉంగరమైతే భోజనానికి ముందు తీసి పక్కన పెట్టుకోవడమే మంచిది.

ఆఖరుగా కొలత. ఇది మాత్రం శ్రద్ధగా వినండి. బంగారు ఉంగరం బిగుతైతే కంసాలి సాగదీసి ఇస్తాడు. వదులైతే కోసి అతుకుతాడు. చెక్క ఉంగరాన్ని ఎవరూ సాగదీయలేరు. అందుకని కొలత మొదటే సరిగా ఉండాలి. పొద్దున్నే, చలిలో, వేలు సన్నగా ఉంటుంది. ఎండలో తిరిగొచ్చిన సాయంత్రం లావుగా ఉంటుంది. మామూలు రోజు సాయంత్రం పూట కొలవండి. కంసాలి దగ్గర ఉంగరాల గుత్తి ఉంటుంది, అందులో ఏది కణుపు దగ్గర కొంచెం ఆగి ఆపైన దిగుతుందో అది మీది. దారం చుట్టి కొలవడం వద్దు, దారం సాగుతుంది. చెక్క ఉంగరం కోసం అమ్మాయికి తెలియకుండా కొలత తీసుకుందామనుకునే పెళ్లికొడుకులకి ఒక సలహా. అమ్మాయి పాత ఉంగరం ఒకటి వాళ్ల చెల్లెలి చేత తెప్పించుకోండి, ఏ వేలిదో కూడా అడగండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కర్ర కర్రే. కారు తలుపులో పడితే చిట్లుతుంది. ఆ సంగతి చేయించుకునే రోజే జంటకి చెప్పాలి. అందుకే మా మేనకోడలికి ఉంగరాలు ఇచ్చేటప్పుడు, మిగిలిన టేకు పొరల్ని కూడా ఒక కవర్లో పెట్టి ఇచ్చాను. ఇద్దరి వేలి కొలతలూ పెన్సిలుతో ఆ కవరు మీదే రాశాను. మీరు చేయించుకున్నా సరే, చేసినవాళ్ల దగ్గర మిగిలిన ముక్క అడిగి తెచ్చుకోండి. బీరువాలో పెళ్లి పట్టుచీర మడతల్లో పెట్టకండి, కలరా ఉండల ఘాటు పడుతుంది. పుస్తకాల మధ్య పెడితే పొర వంకర పోకుండా తిన్నగా ఉంటుంది, రేపు అవసరమైతే మళ్లీ మరగబెట్టి చుట్టుకోవచ్చు.